సీతాకోకచిలుక ఫొటో కావాలంటే ముందు దాని చెట్టును వెతకండి

వరంగల్ చుట్టుపక్కల సీతాకోకచిలుకల ఫొటోలు తీయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ లెన్స్ కొనాలి అని. లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఇంటి వెనక కరివేపాకు చెట్టు ఉందా, ఊరి బయట జిల్లేడు ఉందా, చెలక గట్టు మీద ఏ తీగ పాకుతోంది, ఇవి చూడండి. సీతాకోకచిలుక తేనె ఏ పూవు మీదైనా తాగుతుంది గానీ గుడ్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టదు. చాలా రకాలకు ఒకటో రెండో చెట్లు, మహా అయితే ఒకే కుటుంబానికి చెందిన నాలుగైదు మొక్కలు, అంతే. గొంగళిపురుగు ఆ ఆకు తప్ప ఇంకోటి ముట్టదు, ఆకలితో చచ్చిపోతుంది గానీ తినదు. చెట్టు తెలిస్తే మీరు దాని వెంట పరుగెత్తే పని తప్పుతుంది, అక్కడ ఓపికగా కూర్చుంటే అదే వస్తుంది. ఆ చెట్టు కనబడకుండా పోతే ఆ సీతాకోకచిలుక కూడా పోతుంది. అందుకే ఫొటో తీసేవాళ్లు చెట్టును కూడా తీయాలని నేను పట్టుబట్టి చెప్తాను. ఏది తగ్గిపోతోంది, ఏది మళ్లీ వస్తోంది అన్నది తేలేది అలాంటి ఫొటోల వల్లే.

ఇంటి దగ్గరి నుంచే మొదలుపెట్టండి. కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకుల మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ గుడ్లు పెడతాయి. వాటి చిన్న పురుగులు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి కాబట్టి చాలామంది చూసి కూడా వదిలేస్తారు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. వాటిని కదిలిస్తే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికి తీసి ఘాటైన వాసన వదులుతాయి, ఫొటో కోసమని దాన్ని పుల్లతో పొడవకండి. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, గన్నేరు మీద కామన్ క్రో, ఆముదం మీద కామన్ కాస్టర్, మామిడి మీద కామన్ బారన్, రేల మీద కామన్ ఎమిగ్రెంట్, అశోక (నరమామిడి) మీదా సీతాఫలం మీదా టెయిల్డ్ జే, కుండీలో రణపాల ఉంటే దాని మీద రెడ్ పియరో. చింతచెట్టు మీద బ్లాక్ రాజా పెరుగుతుంది, ఊళ్లో పెద్ద చింతలు కొట్టేసినప్పుడు దాని సంగతి ఎవరికీ గుర్తు రాదు. మామిడి కొమ్మల మీద బదనిక పట్టిందని రైతులు తీసేస్తుంటారు కదా, పసుపూ ఎరుపూ రంగులతో ఊరందరికీ కనిపించే కామన్ జెజెబెల్‌కు ఆ బదనికే ఆధారం.

అడవిలోకి వెళ్తే తునికి చెట్టు దగ్గర ఆగండి. బీడీ ఆకు కోసం ఉత్తర తెలంగాణలో ప్రతి ఎండాకాలం వేలమంది ఆ ఆకు మీదే పనిచేస్తారు, బారొనెట్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకకు కూడా అదే ఆకు కావాలి. దాని పురుగు ఆకుపచ్చగా, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్లతో, ఆకు నడిమి ఈనె మీద అతుక్కుపోయి ఉంటుంది. తునికాకు కోసే అక్కలతో, పెద్దమ్మలతో మాట్లాడండి, రోజుకు కొన్ని వేల ఆకులు తిప్పి చూసే వాళ్ల కళ్లకు కనిపించినన్ని పురుగులు మనకు ఎప్పటికీ కనిపించవు.

ఇంకో రెండు మొక్కల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకటి ఈశ్వరి తీగ, నల్లేశ్వరి అని కూడా అంటారు. రెండోది గాడిదగడపాకు, నల్లరేగడి చేలల్లో నేల మీద పాకే మొక్క, ఆకు గుండె ఆకారంలో ఉండి నలిపితే చేదు వాసన వస్తుంది. నల్లటి రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉండే క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ ఈ మొక్కల మీదే పెరుగుతాయి. ఆ ఆకులోని విషం పురుగు ఒంట్లో చేరుతుంది, రెక్కలొచ్చిన తర్వాత కూడా ఉంటుంది, అందుకే పిట్టలు వాటి జోలికి పోవు. పత్తి చేలల్లో కలుపు తీయడానికి కూలీలు దొరకక గడ్డిమందు కొట్టడం పెరిగింది, చేనులోనే కాదు గట్టు మీద కూడా కొట్టేస్తున్నారు. గట్టు మీద ఆ మొక్క మాడిపోతే ఆ చేనుకు క్రిమ్సన్ రోజ్ రావడం మానేస్తుంది. మీ ఊరి గట్ల మీద గాడిదగడపాకు ఇంకా ఉంటే దాన్ని ఫొటో తీసి, తేదీ వేసి పెట్టుకోండి, సీతాకోకచిలుక ఫొటో కంటే అది ఏమాత్రం తక్కువ కాదు.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి

వానలు పడి ఆకులు చిగురించాక, ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా మంచి కాలం. బతుకమ్మ కోసం తంగేడు, గునుగు కోయడానికి జనం చెలకల్లోకి వెళ్లే రోజులే సీతాకోకచిలుకలు ఎక్కువగా ఉండే రోజులు కూడా. గునుగు పూల దగ్గర, గడ్డిచామంతి దగ్గర పొద్దున తొమ్మిదింటికి నిలబడి చూడండి, చిన్న చిన్న నీలి రకాలు అరచేతి పొడవు దూరంలోనే దొరుకుతాయి. జనుము చల్లిన పొలం ఉంటే దాన్ని వదలకండి, బ్లూ టైగర్, ప్లెయిన్ టైగర్ మగవి జనుము జాతి మొక్కల నుంచి రసాయనాలు పీల్చుకుంటాయి, ఎండిన కొమ్మల మీద కూడా గంటల తరబడి కూర్చుంటాయి కాబట్టి కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు.

ఎండాకాలంలో వాగులు, ఒర్రెల పక్కకు వెళ్లాలి. మార్చి, ఏప్రిల్‌లో తడి ఇసుక మీద గుంపులుగా దిగి నీళ్లు పీలుస్తాయి, అందులో ఎక్కువ మగవే, వాటికి కావాల్సింది నీళ్ల కంటే అందులోని ఉప్పు. నర్సంపేట అవతల పాఖాల ఇందుకు బాగుంటుంది. గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, దాని చుట్టూ అభయారణ్యం, చెరువు పైభాగంలో వచ్చి కలిసే ఒర్రెలు. ములుగు వైపు వెళ్తే లక్నవరం, రామప్ప, ఇంకా ముందుకు పోతే తాడ్వాయి, ఏటూరునాగారం. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, పొద్దున్నే వెళ్తేనే ప్రశాంతంగా ఉంటుంది. అభయారణ్యంలో ఎక్కడ నడవనిస్తారో, ఎక్కడ బండి దిగకూడదో ఫారెస్ట్ వాళ్లను ముందే అడిగి వెళ్లండి. పోలేని రోజు హనుమకొండలో ఏ ఖాళీ జాగా అయినా చాలు, జిల్లేడు ఒక్కటి ఉన్నా దాని దగ్గర నెల రోజుల పని ఉంటుంది.

లాంటానా పూల మీద ఫొటోలు సులువుగా వస్తాయి, రంగులు కూడా బాగుంటాయి, అందరూ అక్కడికే పోతారు. నాకు మాత్రం ఆ ఫొటోలు చూస్తే బాధే. ఆ పొద పెద్దవాటికి తేనె ఇస్తుంది గానీ మన సీతాకోకచిలుకల పిల్లలకు ఇచ్చేది ఏమీ లేదు, పైగా అది కమ్ముకున్న చోట కింద స్థానిక మొక్కలు లేవవు.

కల్లు గీసే తాళ్ల దగ్గర, ఈతల దగ్గర కూడా చూడండి. పులిసిన రసం కారే చోటికి బ్లాక్ రాజా, ఈవెనింగ్ బ్రౌన్ లాంటివి వస్తాయి, ఇవి పూల దిక్కు పెద్దగా చూడవు. ఇంటి పెరట్లో మాగిన అరటిపండు, మామిడిపండు పెట్టి కూడా పిలవొచ్చు, కానీ అడవిలో మాత్రం అలాంటి ఎర పెట్టకండి, దానికి కోతులు, ఎలుగుబంట్లు కూడా రావచ్చు.

దగ్గరికి ఎలా వెళ్లాలి

సీతాకోకచిలుకకు కదలిక బాగా తెలుస్తుంది. నిలబడి నడుచుకుంటూ పోతే ఎగిరిపోతుంది, వంగి నెమ్మదిగా వెళ్తే చాలాసార్లు ఉండనిస్తుంది. మీ నీడ దాని మీద పడకూడదు, ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం, ఎండ ఎటు నుంచి ఉందో చూసుకుని ఆ తర్వాతే అడుగు వేయండి. చెయ్యి చటుక్కున లేపకండి, కెమెరాను ముందే కంటి దగ్గర పెట్టుకుని వెళ్లండి. ఎగిరిపోయిందంటే వెంట పోవద్దు, అక్కడే ఉండండి. బ్లూ పాన్సీ, లెమన్ పాన్సీ, కామన్ బారన్ లాంటివి తమ జాగాను కాపాడుకునే రకాలు, ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే రాయి మీదికి, అదే ఆకు మీదికి వస్తాయి. చలికాలం పొద్దున ఎండకు రెక్కలు విప్పి కాచుకుంటాయి, పై వైపు ఫొటోలు అప్పుడు తీయాలి. మధ్యాహ్నం అసలు నిలవవు. సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ నెమ్మదిస్తాయి, పొద్దుగూకే వేళ వరి పొలాల పక్కన ఈవెనింగ్ బ్రౌన్ లేస్తుంది. దాని గొంగళిపురుగు తినేది వరి, గడ్డి జాతులే. వానాకాలంలో దాని రెక్క కింద కళ్లలాంటి గుండ్రటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి, ఎండాకాలంలో పుట్టినవాటికి ఆ మచ్చలు దాదాపు మాయమై ఎండుటాకులా కనిపిస్తాయి. రెండు కాలాల్లోనూ ఒకే చోట తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటే జాతి అంటే నమ్మబుద్ధి కాదు.

ఫోనుతో తీసేవాళ్లు మాక్రో మోడ్ (చాలా దగ్గరి నుంచి తీసే పద్ధతి) మరిచిపోండి. చాలా ఫోన్లలో అది అల్ట్రావైడ్ కెమెరాతో పనిచేస్తుంది, మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి, అంత దగ్గరికి ఏదీ రానివ్వదు. రెండు రెట్లు, మూడు రెట్లు జూమ్ పెట్టి అడుగున్నర దూరం నుంచి వరసగా ఐదారు తీసి తర్వాత కత్తిరించుకోండి. కెమెరా ఉన్నవాళ్లకు 90 నుంచి 105 ఎంఎం మాక్రో లెన్స్ మంచిది, అది లేకపోతే 70-300 జూమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలిస్తే తక్కువ ఖర్చుతో పని అయిపోతుంది. దగ్గరి నుంచి తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండే మందం చాలా తక్కువ కాబట్టి అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉంచండి, కానీ అంతకంటే కూడా కెమెరాను రెక్కకు సమాంతరంగా పట్టడం నేర్చుకోండి. కాస్త పక్కకు వంగితే ఒక రెక్క కొస మసకబారుతుంది. గాలికి ఊగే కొమ్మ మీద ఉంటే షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు కంటే తగ్గకూడదు. మార్మన్, లైమ్ లాంటివి తేనె తాగేటప్పుడు కూడా రెక్కలాడిస్తూనే ఉంటాయి, వాటికి 1/1000 పైన కావాలి. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే స్థాయి) పెరుగుతుందని టెన్షన్ పడకండి, కొంచెం గరుకుగా ఉన్న ఫొటోలో జాతి తెలుస్తుంది, కదిలిపోయిన ఫొటోలో ఏమీ తెలియదు. ఫోకస్ పాయింట్ కన్ను మీద పెట్టండి. తెల్లవీ పసుపువీ ముదురు పచ్చ ఆకు మీద కూర్చున్నప్పుడు రెక్క గీతలు తెల్లగా మాడిపోతాయి కాబట్టి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి.

ఒక్క ఫొటోతో ఆపకండి. రెక్కల పై వైపు, కింద వైపు, ఒళ్లు, కూర్చున్న మొక్క, ఈ నాలుగూ కావాలి. ఎందుకంటే, కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ వేషంలో ఉంటాయి, పిట్టలను మోసం చేయడానికి. రెక్కలు చూసి చెప్పలేం, ఒళ్లు చూడాలి, రోజ్‌కు ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నల్లగా ఉంటుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేస్తుంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి వెనక రెక్క పై అంచు దగ్గర ఒక్కటే ఉంటుంది. ఆ రెక్క ఫొటోలో లేకపోతే ఎంత అందమైన ఫొటో అయినా రికార్డుకు పనికిరాదు. రెక్క చిరిగిన వాటిని కూడా వదలకండి. చిన్న నీలి రకాలు చాలావాటికి వెనక రెక్క చివర తోకలు, కంటిలాంటి మచ్చ ఉంటాయి, శత్రువు అదే తల అనుకుని అక్కడ కొరుకుతుంది, ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది. ఆ చిరుగు వెనక జరిగిందేమిటో ఫొటోలో చదవొచ్చు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. సీతాకోకచిలుకను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడి కదలకుండా అయ్యాక పూల మీద పెట్టి తీసేవాళ్లున్నారు. అది హింస. జిగురుతో అతికించడం, నీళ్లు చల్లి మంచు బిందువులని చూపించడం, గొంగళిపురుగున్న కొమ్మను విరిచి వెలుగులోకి తేవడం, ఇవేవీ చేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని సీతాకోకచిలుకలకు కూడా రక్షణ ఉంది, పట్టడం, దాచుకోవడం నేరం కావచ్చు. ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు) దొరికితే ఉన్నచోటే రోజూ పొద్దున ఒకసారి చూసి రండి. రంగు ముదిరి లోపలి రెక్కల గీతలు బయటికి కనిపిస్తే మర్నాటికల్లా బయటికి వస్తుందని అర్థం, తెల్లవారేసరికి అక్కడుండండి. గన్నేరు మీది కామన్ క్రో ప్యూపా వెండిలా తళతళలాడుతుంది, ఫ్లాష్ కొడితే తెల్లటి మచ్చలా పడుతుంది, నీడలో మామూలు వెలుతురుతోనే తీయండి.

తీసిన ఫొటో ఎక్కడికి పోవాలి

ఫోన్‌లోనే ఉంచుకుంటే దానివల్ల ఆ జీవికి లాభం లేదు. ఐనాచురలిస్ట్‌లో గానీ, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియాలో గానీ, ఈ మూడు వెబ్‌సైట్లలో ఏదో ఒకదానిలో పెట్టండి. తేదీ, చోటు, ఏ మొక్క మీద, గుడ్లు పెడుతోందా తేనె తాగుతోందా, ఇవి రాయండి. పేరు తెలియకపోయినా పర్వాలేదు, తెలిసినవాళ్లు చెప్తారు. 2020 నుంచి సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ పేరుతో దేశమంతా లెక్కిస్తున్నారు, ఉత్తర తెలంగాణ ఊళ్ల నుంచి కూడా రికార్డులు చేరాలి.

ఒకే చోట నెలకోసారి, అదే దారిలో, అదే సమయానికి నడిచి కనిపించినవన్నీ రాసుకోవడం అన్నిటికంటే విలువైన పని. మామూలువి కూడా రాయాలి, ఏమీ కనిపించని రోజు కూడా రాయాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి. అలాంటి చోట అడవి ఎలా లేస్తోంది, ఎండ పడిన నేల మీద ముందు ఏ మొక్క వస్తోంది, దానితో ఏ సీతాకోకచిలుక వస్తోంది అన్నది ఒకే రాయి దగ్గర నిలబడి నెల నెలా తీసిన ఫొటోలు చెప్పగలవు.

జీవి ఏది తిని బతుకుతుందో ముందు అది చూడాలన్న మాట పెద్ద జీవులకూ వర్తిస్తుంది. మన దగ్గర రాబందులు ఎందుకు పోయాయో చూడండి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, అది తిన్న రాబందుల కిడ్నీలు పాడై దేశమంతటా లక్షల్లో చనిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు, 2023లో అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను కూడా నిషేధించారు. 2013లో ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. ఆ జాతి ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, చలికాలమంతా గూటి మీదే ఉంటుంది. గుట్ట ఎక్కి, డ్రోన్ ఎగరేసి తీసిన ఫొటో వల్ల ఆ ఒక్క గుడ్డు పోతే ఆ ఏడాది పోయినట్టే. అలాంటి చోటికి అనుమతితో, ఫారెస్ట్ సిబ్బందితోనే వెళ్లండి, 400 ఎంఎం పైన లెన్స్‌తో దూరం నుంచే తీయండి. ఊళ్లో పశువుకు వాపు, నొప్పి ఉంటే మెలాక్సికామ్ రాయమని పశువుల డాక్టరును అడగండి, రాబందులకు దానితో ప్రమాదం లేదు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన తర్వాత మహారాష్ట్ర తాడోబా దిక్కు నుంచి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. అవి అలా రాకపోకలు సాగించే దారుల్లోనే కొందరు అడవి పందుల కోసం కరెంటు తీగలు పెడతారు. వాటికి పులులే కాదు మనుషులూ బలయ్యారు. పొద్దుగూకాక దారి వదిలి అడవిలో తిరగొద్దు, నేల మీద జానెడు ఎత్తులో సన్నటి తీగ, దానికి చిన్న కర్రలు పాతి కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి వెంటనే ఫారెస్ట్ వాళ్లకు, కరెంటు ఆఫీసుకు చెప్పండి. పులి పాదముద్ర గానీ, రాబందు గూడు గానీ దొరికితే చోటు బయటపెట్టకండి. ఫోన్‌లో తీసిన ఫొటోలో జీపీఎస్ వివరాలు ఉండిపోతాయి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అవి కూడా వెళ్తాయి. ఐనాచురలిస్ట్‌లో జియోప్రైవసీ అనే చోట అబ్‌స్క్యూర్డ్ పెడితే అసలు చోటు కనిపించదు, చుట్టూ ఉన్న పెద్ద ప్రాంతం మాత్రమే కనిపిస్తుంది. క్రిమ్సన్ రోజ్‌కు, ప్లెయిన్ టైగర్‌కు ఇవన్నీ అవసరం లేదు, వాటి చోటు కచ్చితంగా పెట్టండి, ఏ గట్టు మీద ఏ మొక్క ఉందో ఊరివాళ్లకు కూడా తెలియాలి.

పొలం ఉన్నవాళ్లు గట్టులో ఒక పక్క గడ్డిమందు కొట్టకుండా వదలండి, చేనులో కలుపు తీసినా గట్టు మీద జిల్లేడు, గాడిదగడపాకు, తగిరిస ఉండనివ్వండి. ఇల్లున్నవాళ్లు కుండీలో కరివేపాకు, గోడ పక్కన ఈశ్వరి తీగ పెంచండి. పురుగు ఆకులు తినేస్తుంటే మందు కొట్టకండి, ఆకులు మళ్లీ వస్తాయి. వానలు మొదలయ్యేలోపు నాటితే సెప్టెంబరుకు ఫొటోలు ఇంట్లోనే తీసుకోవచ్చు.